బంగారు నగరంలో తవ్వెడు బియ్యం

తెల్లవారి రెండు గడియలైంది. మణిశృంగ నగరపు తూర్పు గుమ్మం ముందు బారులో ఒక గుడ్డి ముసలమ్మా, ఆమె మనవడూ నిలబడి ఉన్నారు. ముసలమ్మ నడుం వంగిపోయింది, తల ముగ్గుబుట్ట అయింది, చేతికర్ర లేనిదే అడుగు పడదు. చూసినవాళ్ళు అయ్యో పాపం అనుకుంటూ పక్కకు జరుగుతున్నారు. వాళ్ళ జాలంతా దండగే. ఆ ముసలమ్మకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. పరుగెత్తే గుర్రం మీద నుంచి ఎగిరే కొంగను కొట్టగలదు. ఆమె చెలమసీమ రాకుమారి విరజ.

మనవడి పేరు సింగన్న. ఇతనిది రాజవంశమూ కాదు, మంత్రివంశమూ కాదు. చెలమసీమ కళ్ళాల్లో కుంచం పట్టుకుని ధాన్యం కొలిచే మనిషి. కొలతలో గింజ తేడా వస్తే అన్నం సయించదు. లోకంలో అతనికి ఇంకే జబ్బూ లేదు.

"ఒరే మనవడా, ఒకటి అను" అంది ముసలమ్మ, కర్రతో అతని కాలిమీద పొడుస్తూ.

"ఒకటి, అవ్వా."

"మళ్ళీ అను."

"ఒకటి. దారి పొడుగునా ఇదే కదండీ అమ్మగారూ, నోరు నొప్పెడుతోంది."

"గుడ్డి అవ్వని పట్టుకుని అమ్మగారేమిట్రా, అప్రాచ్యుడా!" అని ఇంకో పోటు పొడిచింది. నోరారా తిట్టడానికి దొరికిన ఈ అవకాశం రాకుమారికి మహా ముచ్చటగా ఉంది.

ఈ ఒకటి గొడవ ఏమిటంటే, చెలమసీమలో ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది వాళ్ళ లెక్క. శుభమైన మాటతో మొదలుపెడితే గాదె నిండుతుందని వాళ్ళ నమ్మకం. చుట్టుపక్కల అయిదు దేశాల్లో ఇంకెవరికీ ఈ అలవాటు లేదు. మణిశృంగ నగరం అంగడివీధిలోనేమో చెవుల స్తంభం అని ఒకటుంది. దానికి నూరు రాతి చెవులు. పరాయి దేశపు పలుకు ఒక్కటి పడితే చాలు, ఆ చెవులన్నీ ఎర్రబడి పలికినవాడి వైపు తిరుగుతాయి. ఆ తరవాత వాడు ఇంటికి తిరిగి వెళ్ళడమంటూ ఉండదు.

అంత ప్రమాదం ఉన్నచోటికి వీళ్ళు ఎందుకొచ్చినట్టు? అయిదు దేశాల నడుమ తూనికకొండ ఉంది. దానిమీద ఒక యక్షుడు, అతని ముందు ఏనుగును నిలబెట్టేంత పళ్ళేలున్న త్రాసు. పన్నెండేళ్ళకొకసారి వైశాఖ పున్నమికి రాజులందరూ తమ ఖజానాలు మోయించుకొచ్చి అందులో పోస్తారు. అందరికంటే బరువు తూగినది భాగ్యదేశం. అందరికంటే తేలికైనది దరిద్రదేశం. దరిద్రదేశపు నదిమీద పన్నెండేళ్ళపాటు భాగ్యదేశానిదే హక్కు. ఈసారి మణిశృంగం పళ్ళెం ధడాలున నేలను తాకింది. చెలమసీమ పళ్ళెం గాలిలో ఊగింది. చెలమసీమకున్న నది ఒక్కటే, వెన్నేరు. అది పోతే ఆ సీమలో గడ్డిపరక కూడా మొలవదు.

తీర్పు చెప్పబోతున్న యక్షుడికి జనంలోంచి సింగన్న అడ్డుపడ్డాడు. "అయ్యా, ఇది తప్పు కొలత. తమరు బంగారాన్ని తూచారు, దేశాల్ని తూచలేదు. ఒక రోజు చెమటోడిస్తే మనిషి పొయ్యిమీదికి ఎంత వస్తుందో చూడండి. ఏ దేశంలోనైనా పొయ్యి పొయ్యే, ఆకలి ఆకలే" అన్నాడు.

వేల ఏళ్ళుగా కునికిపాట్లు పడుతున్న యక్షుడికి మత్తు వదిలింది. "బాగుంది. మూడు రోజులిస్తున్నాను. నీ దేశంలో ఒక రోజు, మణిశృంగంలో ఒక రోజు కూలి చెయ్యి. ఆ కూలి నీ పొయ్యిమీదికి ఏం తెస్తుందో పట్టుకొచ్చి చూపించు. మూడోనాటి మిట్టమధ్యాహ్నం దాటిందా, నది వాళ్ళది. నా తూనికను తప్పన్నందుకు, కుంచం పట్టే నీ కుడిచెయ్యి నాది" అన్నాడు.

మొదటి రోజు అయిపోయింది. చెలమసీమలో రోజంతా కళ్ళం ఊడ్చి సింగన్న సంపాదించింది నాలుగు రాగి కాసులు. వాటికి మూడు మానికల బియ్యం వచ్చాయి. ఆ మూట యక్షుడి దగ్గర పెట్టి, రెండో రోజుకి ఇలా వచ్చాడు. కష్టం నిజంగా చేశాడని సాక్ష్యం చెప్పడానికి ఒకరు ఉండాలి కదా అని, తండ్రి వద్దంటున్నా వినకుండా రాకుమారి వెంట వచ్చింది.

గుమ్మం దాటగానే సింగన్న కళ్ళు చెదిరాయి. ఏడంతస్తుల మేడలు, మేడమేడకూ మేలిమి బంగారు కలశాలు, మరకత తోరణాలు, వైడూర్య గవాక్షాలు, పుష్యరాగాలు పొదిగిన ద్వారబంధాలు. వీధి వీధంతా బంగారు పలకలు పరిచి అద్దంలా నునుపు చేశారు. కుక్కలు నీళ్ళు తాగే తొట్టి బంగారం, గాడిదల మెడలో గంట బంగారం. దేవేంద్రుడు చూస్తే అమరావతిని తాకట్టు పెట్టి ఇక్కడ ఒక వాటా కొనుక్కునేవాడు. సింగన్న కుడిచేతిని ఎడమచేత్తో ఒకసారి తడుముకున్నాడు.

"అవ్వా, మనం ఓడిపోయాం" అన్నాడు నీరసంగా.

"నాకు కళ్ళు లేవు, ముక్కుంది. ఇన్ని వేల ఇళ్ళు, పొద్దున్నపూట ఒక్క ఇంటినుంచీ అన్నం వాసన రావట్లేదేమిట్రా?" అంది ముసలమ్మ.

సింగన్న తలెత్తి చూశాడు. నిజమే, ఏ మేడమీదా పొగ లేదు. వీధిలో చెట్టు లేదు, చెట్టుమీద వాలే పిట్ట లేదు. అయినా ఆలోచిస్తూ కూర్చునే తీరిక ఎక్కడిది? ఎదురుగా మేస్త్రీ ఒకడు రాజవీధి పనికి మనుషుల్ని పిలుస్తున్నాడు.

"బంగారు పలకలు మొయ్యాలి. రోజుకి ఒక వరహా!" అని అరిచాడు మేస్త్రీ.

వరహా! చెలమసీమలో వరహాను కళ్ళతో చూసిన రైతులు ఊరికి ఇద్దరుండరు. అక్కడ ఒక్క వరహాకు పుట్టెడు బియ్యం కొని ఇంకా మిగుల్చుకోవచ్చు. ఇక్కడ కూలివాడికి రోజుకొకటి! తన దేశం నదిని తన నోటితోనే పోగొట్టానని అతనికి అనిపించింది. కానీ మాట ఇచ్చిన మనిషి. పలక భుజానికెత్తుకున్నాడు.

ఆ రోజు ఎండ చెప్పనలవి కాదు. కింద బంగారం కాలుతోంది, భుజంమీద బంగారం కాలుతోంది. సింగన్నతోపాటు పలకలబండి లాగుతున్న కూలిమనిషి పేరు పసిడమ్మ. నలభై ఏళ్ళుంటాయి, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. చెవులకు మాత్రం పిడికెడంత బంగారు దిద్దులు.

"కొత్తవాడివా తమ్ముడూ? పలక అంచు పట్టుకోకు, అరచెయ్యి తెగుద్ది" అంది పసిడమ్మ.

"రోజుకి వరహా వస్తుంటే చెయ్యి తెగితేనేం అక్కా?" అన్నాడు సింగన్న, ఏడుపు ఆపుకుని నవ్వుతూ.

"వరహా!" అంది పసిడమ్మ. "మా ఇంట్లో చెంబు బంగారం, కంచం బంగారం, చీపురుకట్టకి పిడి బంగారం. రేపు పొద్దున్నే అంగడికి రా, ఆ వరహాకి ఏమొస్తుందో నీకే తెలుస్తుంది."

బండి లాగుతూనే తన కథ చెప్పింది. ఆమె తండ్రికి ఈ వీధి ఉన్నచోటే నాలుగు మళ్ళు ఉండేవి. రాజుగారి దగ్గరికి వక్రనఖుడని ఒక మాంత్రికుడు వచ్చాడు. వాడి చూపుడువేలి గోరు మూరెడు పొడుగు, కొడవలిలా వంకర. దాంతో దేన్ని గీస్తే అది బంగారమైపోతుంది. త్రాసులో బరువు పెరగాలని రాజు ఊళ్ళకు ఊళ్ళు గీయించాడు.

"బతికున్నదాన్ని మాత్రం ఆ గోరు ఏం చెయ్యలేదు. పైరు నిలబడి ఉన్నన్నాళ్ళూ మా నాన్న మడిని వాడు ముట్టలేకపోయాడు. కోత కోసిన మర్నాడు వచ్చి నేలని గీశాడు. బంగారు మడి వచ్చింది మాకు. అందులో ఏం నాటమంటావు?" అంది పసిడమ్మ.

పొద్దు వాలేవేళకు మేస్త్రీ ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క వరహా వేశాడు. గుడ్డి ముసలమ్మ ఆ వరహాను తడిమి, కొరికి, తన కొంగున ముడి వేసుకుంది. ఆ రాత్రి వాళ్ళిద్దరూ పసిడమ్మ ఇంట్లో బంగారు అరుగుమీద పడుకున్నారు. అరుగు గట్టిగానే ఉంది, కడుపే ఖాళీగా ఉంది.

మూడో రోజు పొద్దున్నే అంగడివీధి. బియ్యపు కొట్టు ముందు రెండు వందలమంది బారు తీరారు. మూడు కనుమల అవతలి దేశం నుంచి గాడిదలమీద రావాలి బియ్యం. పదిమందికి ఒక మూట. నడివీధిలో తాటిచెట్టంత ఎత్తున చెవుల స్తంభం నిలబడి ఉంది. నూరు రాతి చెవులు, ఏనుగు చెవులంత, చేట చెవులంత, చిన్నపిల్లల చెవులంత.

సింగన్న వంతు వచ్చేసరికి పొద్దు బాగా పైకెక్కింది. "వరహాకు ఎంత?" అని అడిగాడు.

"తవ్వెడు" అన్నాడు వర్తకుడు, మొహం కూడా ఎత్తకుండా.

సింగన్నకు నమ్మబుద్ధి కాలేదు. తవ్వెడు! రెండు సోలలు! చెలమసీమలో నాలుగు రాగి కాసులకు మూడు మానికలు, అంటే ఆరు తవ్వలు వచ్చాయి. ఇక్కడ బంగారు వరహాకు ఒక్క తవ్వ. అతను ముసలమ్మ వైపు చూశాడు. గుడ్డిదని మరిచిపోయి ముసలమ్మ కూడా అతని వైపే చూసింది. గంతులెయ్యాలన్నంత ఆనందాన్ని ఇద్దరూ పళ్ళ బిగువున ఆపుకున్నారు. ఇక ఆ బియ్యం మూట కట్టుకుని నోరు మూసుకుని నడిస్తే సరిపోయేది.

కానీ వర్తకుడు సోల ముంచేటప్పుడు బొటనవేలు లోపలికి పెట్టాడు. వేలు పట్టినంత మేర గింజ పట్టదు. సోల అంచుకు నిండినట్టే కనబడుతుంది, పిడికెడు తక్కువ వస్తుంది. కళ్ళాల్లో పుట్టి కళ్ళాల్లో పెరిగిన సింగన్నకు ఆ వేలు తన కంట్లో పెట్టినట్టయింది. ముందు పసిడమ్మకూ అలాగే కొలిచాడు. ఆమె ముందున్న బక్కచిక్కిన ముసలాయనకూ అలాగే కొలిచాడు.

"వేలు తియ్యి" అన్నాడు సింగన్న.

"నచ్చితే పట్టుకుపో, లేకపోతే పక్కకి జరుగు."

"వేలు తియ్యమన్నానా!" అంటూ సింగన్న సోల లాక్కున్నాడు. తూర్పు మొహంగా తిరిగి, సోలను కళ్ళకద్దుకుని, బియ్యంలో ముంచి, అరచేత్తో అంచుకు చదునుగా గీసి, కంగుమనే గొంతుతో అలవాటుగా అనేశాడు.

"లాభం!"

స్తంభంమీద ఒక్కొక్క చెవీ రక్తంలా ఎర్రబడుతూ రాతిమీద రాయి రాపాడుతున్న చప్పుడుతో సింగన్న వైపు తిరిగింది.

"నీ మొహం మండా! అన్నిసార్లు చెప్పించానా!" అంది ముసలమ్మ.

"తప్పైపోయిందమ్మగారూ" అన్నాడు సింగన్న. అంటూనే రెండో సోల కూడా నిండుగా కొలిచి మూటలో పోశాడు. కొలత సగంలో ఆపడం అతనికి చేతకాదు.

"చెలమసీమవాడు! పట్టుకోండి!" అని వర్తకుడు కేక పెట్టాడు. వీధి రెండువైపులనుంచీ భటులు ఈటెలతో విరుచుకుపడ్డారు. అప్పుడు ఆ గుడ్డి ముసలమ్మ నడుం నిటారుగా చేసి నిలబడింది. చేతికర్ర గిర్రున తిప్పి మొదటి భటుడి మోకాలిమీద, రెండోవాడి మణికట్టుమీద, మూడోవాడి ముక్కుమీద ఇచ్చుకుంది. నెత్తిమీది బూడిద ఎగిరిపోయి నల్లటి జడ బయటపడింది. నాలుగోవాడు ఇదేదో కొరివిదెయ్యమనుకుని ఈటె పారేసి పరుగెత్తాడు.

"తమ్ముడూ, ఇటు!" అని అరిచింది పసిడమ్మ. పనికి తోలుకుపోతున్న తన బండిలో ఉన్న బంగారు పలకలన్నీ వీధికి అడ్డంగా బోర్లించేసింది. పక్కనున్న కూలివాళ్ళు కూడా ఒక్కొక్కరే బండ్లు బోర్లించారు. ఆ రోజు కూలి పోతుందని వాళ్ళకు తెలుసు. అయినా బోర్లించారు. తమ సోలలోంచి వేలు తియ్యమన్న మనిషిని వాళ్ళు చూడటం అదే మొదటిసారి.

అంగడినుంచి తూర్పు గుమ్మందాకా వీధి ఏటవాలుగా దిగుతుంది. విరజ ఒక పలకను కాలితో వీధిలోకి తోసి, దానిమీద కూర్చుని, "ఎక్కు!" అంది. సింగన్న మూటను గుండెకు హత్తుకుని వెనక కూర్చున్నాడు. నున్నటి బంగారంమీద నున్నటి బంగారం. పలక జారింది, ఉరికింది, ఇక ఆగితేనా! మేడలు వెనక్కి పరుగెత్తాయి. అడ్డం వచ్చిన పల్లకీ బోయీలు పల్లకీని దొరగారితో సహా వదిలేసి గోడెక్కారు. ఎదురుగా కోట తలుపులు మూసుకుంటున్నాయి. బారెడు సందు, జానెడు ఎక్కువ మూరెడు సందు, మూరెడు సందు. తలలు వంచుకుని ఆ సందులోంచి దూసుకుపోయి, అవతలి మట్టిలో పల్టీలు కొట్టి పడ్డారు. మట్టి! సింగన్నకు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకున్నాడు కూడా.

ఎదురుగా తూనికకొండ. తొమ్మిదివందల మెట్లు. పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా మూడు గడియలుంది.

అయిదువందల మెట్లు ఎక్కారో లేదో, నెత్తిన నీడ పడింది. కంచు రాబందు ఒకటి రెక్కలు గణగణలాడిస్తూ దిగింది. దానిమీద వక్రనఖుడు. ఎముకలగూడులాంటి ఒళ్ళు, తేనెరంగు కళ్ళు, మూరెడు గోరు ఎండలో తళతళలాడుతోంది.

"ఓరీ గింజలు కొలిచే పురుగా!" అని గర్జించాడు. "చక్రవర్తులు కట్టిన తూనికను తవ్వెడు బియ్యంతో తలకిందులు చేస్తావుట్రా? నీ చేత్తోనే నా విజయం మోయిస్తాను చూడు!"

రాబందు ఒరిగింది. విరజ కర్ర విసిరింది. కర్ర వాడి నడ్డికి తగిలి వాడు కెవ్వుమన్నాడు గానీ, అప్పటికే గోరు సింగన్న చంకలోని మూటను గీసిపోయింది. మరుక్షణం మూట బండరాయంత బరువెక్కి సింగన్నను మెట్లమీద కూలదోసింది. విప్పి చూస్తే తవ్వెడు బియ్యమూ ప్రతి గింజా బంగారమే.

"తీసుకెళ్ళి త్రాసులో పెట్టుకో!" అని నవ్వుకుంటూ మాంత్రికుడు కొండమీదికి ఎగిరిపోయాడు.

విరజ మొహం పాలిపోయింది. "అయిపోయింది సింగన్నా. పారేసి వెళితే ఉత్తచేతులతో వచ్చావంటారు. పట్టుకెళితే ఇదే బరువు తూగుతుంది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

సింగన్న మెట్టుమీద కూర్చుని ఒక గింజను వేళ్ళమధ్య నలిపాడు. యక్షుడు అన్న మాటను మొదటినుంచి చివరిదాకా ఒకసారి గుర్తు తెచ్చుకున్నాడు. లేచి మూట భుజానికెత్తుకున్నాడు.

"పదండమ్మగారూ. ఎంత బరువైనా మోద్దాం. ఇది నేను మోసిన పలకలకంటే తేలికే" అన్నాడు.

పైకి చేరేసరికి పొద్దు నడినెత్తికి జానెడు దూరంలో ఉంది. అయిదు దేశాల జనం అక్కడ కిక్కిరిసి ఉన్నారు. త్రాసు పక్కనే బండ, బండమీద గొడ్డలి. సింగన్న దాన్ని చూడకుండా నడిచి, మూట యక్షుడి ముందు పెట్టాడు. విరజ ముందుకొచ్చి, అతను పగలంతా పలకలు మోశాడనీ, వచ్చిన వరహాతో తవ్వెడు బియ్యం నిండుగా కొలుచుకున్నాడనీ, మెట్లమీద మాంత్రికుడు ఆ మూటను గీశాడనీ గట్టిగా చెప్పింది.

"అబద్ధం! సాక్షి ఓడినవాడి కూతురు!" అన్నాడు వక్రనఖుడు. "మూటలో ఉన్నదే సాక్ష్యం. ఒక రోజు కూలికి ఇంత బంగారం ఇచ్చే దేశం మాది. తూచండి!"

యక్షుడు ఒక పళ్ళెంలో చెలమసీమ మూడు మానికలూ, ఇంకోదాంట్లో బంగారు గింజలూ పోశాడు. బంగారం పళ్ళెం దిగిపోయింది. మణిశృంగం రాజు మీసం దువ్వాడు. చెలమసీమ జనంలో ఎవరో గొల్లుమన్నారు. యక్షుడి చెయ్యి గొడ్డలి మీదికి వెళ్ళింది.

"అయ్యా, ఒక్క మాట" అన్నాడు సింగన్న. "తమరు తెమ్మన్నది త్రాసులోకి కాదు. పొయ్యిమీదికి. అటు పొద్దు చూడండి, ఇంకా వేలెడు దూరముంది. ఎసరు పెట్టించండి."

యక్షుడు ఆగిపోయాడు. తన మాటను తనే నెమరు వేసుకున్నట్టు పెదవులు కదిపాడు. తరవాత మూడు రాళ్ళ పొయ్యిలు రెండు పెట్టి, రెండు కుండలెక్కించి, ఉఫ్ మని ఊదాడు. యక్షుడి ఊపిరికి నీళ్ళు చిటికెలో మరిగాయి. చెలమసీమ బియ్యం కుతకుతలాడి, పొంగి, మూతను ఎగరగొట్టింది. అన్నం వాసన కొండంతా కమ్ముకుంది. మణిశృంగం కుండలో మాత్రం గింజలు గలగలమంటూ తిరుగుతూనే ఉన్నాయి. యక్షుడు ఒకటి తీసి కొరికి చూశాడు. పన్ను కదిలి, "అబ్బా!" అని చెంప పట్టుకున్నాడు. వేల ఏళ్ళ గాంభీర్యం ఆ ఒక్క గింజతో పోయింది, అయిదు దేశాలూ పగలబడి నవ్వాయి.

"మణిశృంగం కొలత, సున్నా!" అన్నాడు యక్షుడు చెంప నిమురుకుంటూ.

"కాదండి" అన్నాడు సింగన్న.

విరజ అతని మోచెయ్యి గట్టిగా గిల్లింది. అయినా అతను ఆగలేదు. "సున్నా అంటే అదీ తప్పు కొలతే. నాకు వచ్చింది తవ్వెడు. వేలు పెట్టకుండా నిండుగా కొలిచిన తవ్వెడు. గోరు గీసింది తరవాత. ఆ దేశానికి తవ్వెడు రాయండి, మా దేశానికి ఆరు తవ్వలు రాయండి. అంతకంటే ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

యక్షుడు అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు చూశాడు. "ఈ చెయ్యి నాకొద్దు. నీ దగ్గరే ఉంటే లోకానికి మంచిది" అన్నాడు. "వెన్నేరు చెలమసీమదే. ఇకమీదట ఈ త్రాసు పక్కన రెండు పొయ్యిలు కూడా ఉంటాయి."

కొండ దద్దరిల్లింది. అప్పుడే మెట్ల మీదుగా పసిడమ్మా, ఆమె వెనక నలభైమంది కూలీలూ రొప్పుతూ ఎక్కివచ్చారు. కోటగుమ్మం తెరిపించి మరీ వచ్చారు. వాళ్ళ చూపు రాజుమీదికి పోలేదు, త్రాసుమీదికి పోలేదు. ఉడుకుతున్న కుండమీదికి పోయింది. విరజ ఏమీ అడగకుండా గరిటె తీసుకుని, మోదుగాకుల్లో అన్నం పెట్టడం మొదలుపెట్టింది. మూడు మానికల అన్నం నలభైమందికి తలో నాలుగు ముద్దలు వచ్చింది. పసిడమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

ఈ సందడిలో కంచు రాబందు లేచిపోవడం ఎవరూ చూడలేదు.

ముందుగా చూసింది విరజే. గరిటె చేతిలోంచి జారిపోయింది. "సింగన్నా! ఏరు!"

కొండ కింద, చెలమసీమ వైపు, వెన్నేరు ఎండాకాలపు ఏరుగా మోకాటి లోతున పారుతోంది. చేపలన్నీ దిగువ మడుగుల్లోకి వెళ్ళిపోయి, ఏట్లో ప్రాణమున్నదేదీ మిగల్లేదు. పైవంపు దగ్గర నీళ్ళు పారడం ఆగిపోయింది. అక్కడ ఏరు పసుపుపచ్చగా, గట్టిగా, కళ్ళు మిరుమిట్లు గొలిపేలా మెరుస్తోంది. ఆ మెరుపు అంగుళం అంగుళంగా కిందికి పాకుతోంది. దాని అంచునే ఒక నల్లటి మనిషి వంగి గోరుతో గీస్తూ నడుస్తున్నాడు. వాడు ఏరు కోరింది నీటికోసం కాదని, బంగారంకోసమేనని అప్పుడు అందరికీ తెలిసింది.

"పొద్దు గుంకేసరికి ఊళ్ళదాకా వచ్చేస్తుంది" అంది విరజ.

"పైరు నిలబడి ఉన్న మడిని వాడు ముట్టలేకపోయాడు" అంది పసిడమ్మ, మోదుగాకును మడిచి కొంగున దోపుకుంటూ. "ఏట్లో మనుషులు నిలబడితే?"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఒడ్డునుంచి ఒడ్డుకి, నాటు వేసినట్టు, దగ్గర దగ్గరగా" అన్నాడు సింగన్న నెమ్మదిగా. అతని కళ్ళు వెలిగాయి. "కానీ అక్కా, అది మా ఏరు. మీరెందుకు..."

"నీ ఏట్లో పండిందే కదా ఇప్పుడు తిన్నాను!" అని కసిరింది పసిడమ్మ. "మాటలు చాలు, నడు."

చెలమసీమ వైపూ మెట్లు తొమ్మిదివందలే. కుంచం పట్టే చెయ్యి రాకుమారి చేతిని పట్టుకుంది. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో చూసే తీరిక చెలమసీమ రాజుగారికి కూడా లేదు. సింగన్న మొదటి మెట్టుమీద కాలు పెట్టి, ఈసారి ఏ స్తంభానికీ భయపడకుండా, కొండ మారుమోగేలా అరిచాడు.

"లాభం!"

"రెండు!" అన్నారు వెనకనుంచి మణిశృంగం కూలీలు నలభైమందీ, పరుగు మొదలుపెడుతూ.